స్ప్రింగ్‌లో ఫారం సబ్మిట్ చేస్తే ఆబ్జెక్ట్ సగం ఖాళీగా వస్తోందా? ఎక్కడెక్కడ చూడాలో చెప్తాను

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ కాలేజీ అడ్మిషన్ ఫారం, జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3లో రాసింది, పేజీలు థైమ్‌లీఫ్‌లో (జావా డేటాని హెచ్‌టీఎంఎల్‌లో నింపే టెంప్లేట్). సబ్మిట్ కొడితే స్టూడెంట్ ఆబ్జెక్ట్‌లో పేరు, ఊరు వస్తున్నాయి కానీ ఫోన్ నంబరు, ఫీజు నల్ (విలువే లేదు) అంటున్నాయి. పుట్టిన తేదీ నింపితే 400 ఎర్రర్ పేజీ (రిక్వెస్ట్ తప్పుగా ఉందని) వస్తోంది. ఎడిట్ పేజీలో హాస్టల్ టిక్ తీసేసి సేవ్ చేసినా మళ్లీ తెరిస్తే టిక్ అలాగే ఉంటోంది. మూడు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నానని రాశారు, ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు, ఎర్రర్ వస్తే కనీసం దాన్ని కాపీ చేసి వెతకొచ్చు, ఊరికే నల్ వస్తే ఏమని వెతుకుతాం? మీరు పెట్టిన కోడ్ మొత్తం చదివాను. ఈ తిప్పలన్నిటికీ వేర్వేరు కారణాలున్నాయి, వాటితో పాటు మీరు అడగని విషయం ఒకటి కనిపించింది, నా దృష్టిలో అదే అన్నిటికన్నా పెద్దది, చివర్లో దానికే వస్తాను. కోడ్‌లోని పేర్లు కూడా తెలుగులోనే రాస్తున్నాను, మీ ఫైల్లో ఏది ఏదో పోల్చుకోవడం కష్టమేమీ కాదు.

అసలు జరిగేదేంటో ముందు చూద్దాం. సబ్మిట్ కొట్టగానే బ్రౌజర్ పంపేది ఉత్త టెక్స్ట్, ఒక పేరు, దాని విలువ, మళ్లీ ఇంకో పేరు, దాని విలువ, అంతే. మీ దగ్గర స్టూడెంట్ అనే క్లాస్ ఉందని బ్రౌజర్‌కి తెలియదు, ఇది తేదీ, ఇది అంకె అని కూడా తెలియదు. ఇవతల స్ప్రింగ్ ఖాళీ స్టూడెంట్‌ని ఒకదాన్ని తయారుచేసి, వచ్చిన ప్రతి పేరుకీ ఆ క్లాస్‌లో సరిపోయే సెట్టర్ (విలువ పెట్టే మెథడ్) ఉందా అని చూస్తుంది. ఉంటే టెక్స్ట్‌ని ఆ టైప్‌లోకి మార్చి సెట్టర్‌ని పిలుస్తుంది, లేకపోతే కిక్కురుమనకుండా వదిలేస్తుంది. మీకు ఎర్రర్ రాకుండా నల్ రావడానికి కారణం ఈ వదిలేయడమే. కాబట్టి జావా కోడ్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టే ముందు బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లి, సబ్మిట్ కొట్టి, ఆ రిక్వెస్ట్ మీద క్లిక్ చేసి పేలోడ్ (పంపిన డేటా) చూడండి. మీ ఫీల్డు పేరు అక్కడ లేకపోతే తప్పు పేజీలో ఉంది, ఉంటే తప్పు జావాలో ఉంది. ఈ ఒక్క చూపుతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది, అయినా చాలామంది దీన్ని ఆఖర్న చేస్తారు.

మీ ఫోన్ నంబరు పేలోడ్‌లో కనిపించదని నేను ఇక్కడినుంచే చెప్పగలను. ఆ ఇన్‌పుట్‌కి మీరు ఐడీ ఇచ్చారు, నేమ్ ఇవ్వలేదు. ఐడీ అనేది లేబుల్‌కీ, సీఎస్ఎస్‌కీ, జావాస్క్రిప్ట్‌కీ పనికొస్తుంది, సర్వర్‌కి వెళ్లేది నేమ్ ఒక్కటే. మిగతా ఫీల్డులకి థైమ్‌లీఫ్ అట్రిబ్యూట్ టీహెచ్ ఫీల్డ్ వాడారు కాబట్టి ఐడీ, నేమ్, పాత విలువ మూడూ థైమ్‌లీఫే రాసేసింది, ఫోన్ ఒక్కటి ఇంకెక్కడినుంచో కాపీ చేసి పెట్టినట్టున్నారు. ఫీజుది వేరే కథ. దానికి నేమ్ ఉంది, కానీ విద్యార్థి మార్చకూడదని డిజేబుల్డ్ పెట్టారు. డిజేబుల్ చేసిన ఫీల్డుని బ్రౌజర్ అసలు పంపదు. రీడ్‌ఓన్లీ అయితే పంపుతుంది. అలాగని వెళ్లి రీడ్‌ఓన్లీగా మార్చేయకండి, ఆగండి, ఫీజు ఆ ఫారం నుంచి రావడమే తప్పు, ఎందుకో కింద చెప్తాను.

పేర్ల విషయంలో ఇంకోటి కూడా చెప్పి ముందుకెళ్తాను, రేపో ఎల్లుండో మీకు తప్పకుండా తగులుతుంది. గెట్టర్లు, సెట్టర్లు తనే రాసిపెట్టే లాంబాక్ వాడుతున్నారు కదా, ప్రిమిటివ్ (నల్ పట్టని మామూలు టైపు) బూలియన్ ఫీల్డుకి ఈజ్‌యాక్టివ్ అని పేరు పెడితే లాంబాక్ రాసే సెట్టర్ పేరు సెట్‌యాక్టివ్. అంటే స్ప్రింగ్ దృష్టిలో ఆ ప్రాపర్టీ పేరు యాక్టివ్, ముందున్న ఈజ్ ఎగిరిపోయింది. ఫారంలో చేత్తో ఈజ్‌యాక్టివ్ అని నేమ్ రాస్తే అది ఎప్పటికీ ఫాల్స్‌గానే ఉంటుంది. స్ప్రింగ్ చూసేది గెట్టర్, సెట్టర్ పేర్లనే, మీరు క్లాస్‌లో రాసుకున్న ప్రైవేట్ ఫీల్డు పేరుని కాదు. అందుకే బూలియన్ ఫీల్డులకి ఈజ్ లేకుండా పేరు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. అడ్రస్ లాంటి లోపలి ఆబ్జెక్ట్‌కి చుక్క పెట్టి అడ్రస్ డాట్ పిన్‌కోడ్ అని మీరు రాసింది సరిగ్గానే ఉంది, అడ్రస్ నల్‌గా ఉన్నా స్ప్రింగే కొత్తది సృష్టించుకుంటుంది, ఆ క్లాస్‌కి ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ ఉంటే చాలు.

ఇక తేదీ. హెచ్‌టీఎంఎల్‌లో టైప్ డేట్ అని పెట్టిన ఇన్‌పుట్ స్క్రీన్ మీద రోజు, నెల, సంవత్సరం వరసలో చూపించినా సర్వర్‌కి మాత్రం ఎప్పుడూ 2006-08-15 లాగా సంవత్సరం ముందు పెట్టి పంపుతుంది. మీ క్లాస్‌లో అది లోకల్‌డేట్. ఏ ఫార్మాట్ అని మీరు చెప్పలేదు కాబట్టి స్ప్రింగ్ లొకేల్‌ని (భాష, ప్రాంతం) బట్టి చిన్న తేదీ ఫార్మాట్‌లో చదవబోయి, మీ వెర్షన్‌లో అక్కడే పడిపోతోంది. ఆ ఫీల్డు మీద @డేట్‌టైమ్‌ఫార్మాట్ పెట్టి, ఐఎస్ఓ ఈక్వల్ డేట్ అని ఇవ్వండి, అయిపోతుంది. ఎడిట్ పేజీలో తేదీ ఖాళీగా కనపడటం కూడా దీంతోనే పోతుంది, ఎందుకంటే టీహెచ్ ఫీల్డ్ వెనక్కి చూపించేటప్పుడు కూడా అదే ఫార్మాట్ వాడుతుంది, బ్రౌజర్‌కి తేదీ ఆ వరసలో ఇస్తేనే చూపిస్తుంది.

కానీ నాకు తేదీ తప్పు కన్నా ఆ 400 పేజీ ఎక్కువ బాధగా ఉంది. ఎవరో పిల్లవాడు ఇరవై ఫీల్డులు నింపి, ఒక్కటి తప్పు పెడితే మొత్తం పోయి తెల్ల పేజీ మీద ఎర్రర్ కనబడితే వాడు ఏం చేస్తాడు? రిక్వెస్ట్ అందుకునే మీ కంట్రోలర్ మెథడ్‌లో స్టూడెంట్ ఉంది, తర్వాత మోడల్ (పేజీకి డేటా ఇచ్చేది), ఆ తర్వాత బైండింగ్‌రిజల్ట్ (నింపడంలో వచ్చిన తప్పుల చిట్టా) ఉన్నాయి. బైండింగ్‌రిజల్ట్ ఎప్పుడూ స్టూడెంట్‌కి ఆనుకుని, వెంటనే పక్కన ఉండాలి, మధ్యలో ఇంకోటి దూరకూడదు. దూరితే స్ప్రింగ్ ఆ తప్పుల్ని పట్టుకునేవాళ్లు లేరనుకుని 400 కొట్టేస్తుంది. మోడల్‌ని చివరికి జరపండి. తర్వాత హ్యాజ్‌ఎర్రర్స్ అని అడిగి, ఉంటే అదే ఫారం పేజీ పేరు రిటర్న్ చేయండి. రీడైరెక్ట్ చేయకండి, చేస్తే ఆ తప్పులూ, నింపిన డేటా అన్నీ పోతాయి. సేవ్ అయ్యాకే రీడైరెక్ట్. ఇలా చేసి టీహెచ్ ఫీల్డ్ వాడితే వాళ్లు తప్పుగా కొట్టిన టెక్స్ట్ కూడా యథాతథంగా మళ్లీ కనిపిస్తుంది, మార్కుల గడిలో "తొమ్మిదివందలు" అని అక్షరాల్లో రాసినా సరే, ఎందుకంటే తిరస్కరించిన విలువని బైండింగ్‌రిజల్ట్ దాచుకుంటుంది. ఆ కింద వచ్చే "స్ట్రింగ్‌ని లోకల్‌డేట్‌గా మార్చలేకపోయాం" తరహా ఇంగ్లీషు చేంతాడుని మాత్రం జనానికి చూపించొద్దు. మెసేజెస్ ప్రాపర్టీస్ ఫైల్లో టైప్‌మిస్‌మ్యాచ్ డాట్ స్టూడెంట్ డాట్ డీవోబీ అనే కీ పెట్టి "పుట్టిన తేదీ సరిగ్గా లేదు, మళ్లీ చూడండి" అని తెలుగులోనే రాయండి, బూట్ ఆ ఫైల్‌ని డిఫాల్ట్‌గా యూటీఎఫ్-8గానే చదువుతుంది.

మీ క్లాస్‌లో ఇంటర్ మార్కులు ప్రిమిటివ్ ఇంట్‌గా పెట్టారు. అది ఖాళీగా వదిలేస్తే కూడా ఇలాంటి ఎర్రరే వస్తుంది, ఖాళీ టెక్స్ట్‌ని ఇంట్ చేయడం కుదరదు కదా. ఇంటీజర్ అని పెడితే నల్ అవుతుంది, అప్పుడు నింపలేదు అన్నదానికీ సున్నా మార్కులు అన్నదానికీ తేడా మీకు తెలుస్తుంది. ఫారం క్లాసుల్లో ప్రిమిటివ్‌లు వాడకపోవడం మంచిది. స్ట్రింగ్ ఫీల్డులకి దీనికి ఉల్టా, ఖాళీ గడి నల్‌గా రాదు, ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. @ఇనిట్‌బైండర్ మెథడ్‌లో (విలువలు నింపే ముందు స్ప్రింగ్ పిలిచేది) స్ట్రింగ్‌ట్రిమ్మర్‌ఎడిటర్‌ని ట్రూతో రిజిస్టర్ చేస్తే ముందూ వెనకా ఖాళీలు కత్తిరించి, ఏమీ మిగలకపోతే నల్ చేస్తుంది.

హాస్టల్ టిక్ విషయం చాలా పాతది. నేను స్ట్రట్స్ 1 అనే పాత జావా ఫ్రేమ్‌వర్క్ మీద పని నేర్చుకున్నవాణ్ని, అప్పట్లో యాక్షన్‌ఫామ్ క్లాస్‌లో రీసెట్ అనే మెథడ్ రాసి అందులో చెక్‌బాక్సులన్నీ ఫాల్స్ చేయమని మాకు మొదటి వారంలోనే చెప్పారు. కారణం ఇప్పటికీ అదే: టిక్ లేని చెక్‌బాక్స్ గురించి బ్రౌజర్ ఏమీ పంపదు, ఫాల్స్ అని కూడా పంపదు. కొత్త అడ్మిషన్‌లో ఇది బయటపడదు, కొత్త ఆబ్జెక్ట్‌లో ఎలాగూ ఫాల్సే ఉంటుంది కాబట్టి. మీ ఎడిట్‌లో మాత్రం ముందు డేటాబేస్ నుంచి స్టూడెంట్‌ని తెచ్చి, దాని మీద ఫారం విలువలు పోస్తున్నారు, హాస్టల్ గురించి ఏమీ రాలేదు కాబట్టి పాత ట్రూ అలాగే ఉండిపోయింది. దీనికి స్ప్రింగ్‌లో ఏర్పాటు ఉంది, పేరుకి ముందు అండర్‌స్కోర్ పెట్టి ఒక హిడెన్ ఫీల్డు ఉంచితే "ఈ చెక్‌బాక్స్ పేజీలో ఉంది, టిక్ లేదు" అని దానికి తెలుస్తుంది, ఫాల్స్ పెడుతుంది. చెక్‌బాక్స్‌కి టీహెచ్ ఫీల్డ్ వాడితే ఆ హిడెన్ ఫీల్డుని థైమ్‌లీఫే రాస్తుంది. మీరు చేత్తో రాశారు కాబట్టి రాలేదు.

సబ్జెక్టుల పట్టిక గురించి కొంచెమే. జావాస్క్రిప్ట్‌తో వరస కలిపేటప్పుడు నేమ్‌లో చదరపు బ్రాకెట్లలో 0, 1, 2 అని అంకె రావాలి, అది చేశారు. మధ్యలో వరస తొలగిస్తే అంకెలు మళ్లీ సరిచేయడం లేదు, దాంతో లిస్ట్ మధ్యలో ఖాళీ సబ్జెక్టు ఒకటి పుడుతుంది. తొలగించాక నంబర్లు తిరిగి వేయండి, లేదా సేవ్ చేసే ముందు ఖాళీవాటిని ఏరేయండి. లిస్ట్‌ని స్ప్రింగ్ తనంతట తాను పెంచేది డిఫాల్ట్‌గా 256 వరకే, డిగ్రీ సబ్జెక్టులకి అది ఎక్కువే.

ఇప్పుడు ఒక విషయం, దీని మీద నాకు కాస్త పట్టుదల ఎక్కువ. మీ పేరు ఫీల్డు మీద @ప్యాటర్న్ పెట్టి ఇంగ్లీషు ఏ నుంచి జెడ్ వరకే ఒప్పుకుంటున్నారు, పైన @సైజ్ మ్యాక్స్ 12. ఈ ఫారం నింపేది తెలుగు పిల్లలు. వాళ్లలో ఒకరు తన పేరు తెలుగులో రాస్తే తప్పు అని ఎర్ర అక్షరాలు చూపిస్తారా? సరే, తెలుగు ఒప్పుకోవాలని రెజెక్స్‌లో (ఏ అక్షరాలు రావచ్చో చెప్పే నమూనా) అన్ని భాషల అక్షరాలకీ ఉండే పీ-ఎల్ క్లాస్ పెట్టారనుకోండి, అది కూడా చాలదు. అందులో క, ట, వ ఉంటాయి కానీ గుణింతాలు, పొల్లు, సున్నా రావు, అవి యూనికోడ్‌లో మార్కులు, పీ-ఎం కూడా కలపాలి. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని పెడతాయి, దాన్నీ ఒప్పుకోవాలి. పొడవు సంగతి చూడండి: "వెంకటేశ్వర్లు" అని చదివితే మనకి ఐదక్షరాలు, జావా లెక్కలో పదమూడు, మీ 12 దాటిపోయింది. యూటీఎఫ్-8లో తెలుగు ప్రతి కోడ్ పాయింట్‌కీ మూడు బైట్లు, అంటే ఆ ఒక్క పేరుకే 39. ఒరాకిల్ డేటాబేస్‌లో కాలమ్ పొడవు డిఫాల్ట్‌గా బైట్లలో లెక్క, 30 అని పెడితే ఫారంలో అన్నీ పాసై సేవ్ దగ్గర పడిపోతుంది. పాత వార్ (సర్వర్‌లో పెట్టే జావా ప్యాకేజీ ఫైల్) ప్రాజెక్టుల్లో ఇంకోటి, సర్వ్‌లెట్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ ఐఎస్ఓ-8859-1 కాబట్టి క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్‌ఫిల్టర్ అన్నిటికన్నా ముందు లేకపోతే తెలుగు పేరు గీతలు, చుక్కలున్న లాటిన్ అక్షరాల గుంపుగా మారుతుంది. బూట్‌లో అది ముందే ఉంటుంది. గుర్తుపట్టే చిట్కా: లాటిన్ గుంపు కనిపిస్తే చదివేటప్పుడు చెడింది, వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే ఎక్కువసార్లు డేటాబేస్ కాలమ్ దగ్గరో కనెక్షన్ దగ్గరో చెడింది.

వాలిడేషన్ (ఈ @ప్యాటర్న్, @సైజ్ లాంటి తనిఖీలు) అసలు పనిచేయట్లేదని కామెంట్‌లో రాశారు కదా, మీ ఇంపోర్ట్‌లు జావాఎక్స్ డాట్ వాలిడేషన్ నుంచి ఉన్నాయి. బూట్ 3 నుంచి అది జకార్తా డాట్ వాలిడేషన్. పాత జార్ ఫైల్ ప్రాజెక్టులో మిగిలి ఉంటే పాతవి పెట్టినా కంపైల్ అవుతుంది, రన్ అవుతుంది, కానీ వాటిని ఎవరూ పట్టించుకోరు. వాలిడేషన్ స్టార్టర్ (లైబ్రరీల కట్ట) కూడా విడిగా పెట్టాలి, బూట్ 2.3 నుంచి వెబ్ స్టార్టర్‌లో అది రాదు.

ఇక అడగని ప్రశ్న. మీరు ఫారంని నేరుగా డేటాబేస్ ఎంటిటీకే (డేటాబేస్ టేబుల్‌కి అద్దం లాంటి క్లాస్) కట్టారు. ఆ స్టూడెంట్ క్లాస్‌లో ఫీజు ఉంది, స్కాలర్‌షిప్ మంజూరు అయిందా లేదా ఉంది, ఐడీ ఉంది, అన్నిటికీ సెట్టర్లున్నాయి. పైన చెప్పింది గుర్తుంది కదా, వచ్చిన పేరుకి సెట్టర్ ఉంటే స్ప్రింగ్ పిలుస్తుంది. పేజీలో ఆ గడి మీరు పెట్టారా లేదా అన్నది దానికి సంబంధం లేదు. కాబట్టి ఎఫ్12 నొక్కడం వచ్చిన ఏ విద్యార్థి అయినా ఫారంలో ఇంకో ఇన్‌పుట్ కలిపి, దాని నేమ్ స్కాలర్‌షిప్ అని, విలువ ట్రూ అని పెట్టి సబ్మిట్ కొడితే మంజూరు అయిపోతుంది. హిడెన్ ఫీల్డులో ఐడీ 41ని 42 చేస్తే సేవ్ మెథడ్ పక్కవాడి రికార్డు మీద రాసేస్తుంది. ఫీజుని రీడ్‌ఓన్లీ చేయొద్దన్నది అందుకే, రీడ్‌ఓన్లీ అనేది పేజీలో ఒక మాట మాత్రమే, దాన్ని తీసేయడానికి రెండు సెకన్లు చాలు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట నేను రివ్యూ చేసిన ఒక ఫీజుల అప్లికేషన్‌లో ప్రొఫైల్ ఎడిట్ పేజీ ఇలాగే ఎంటిటీకి కట్టి ఉంది, టెస్టింగ్‌లో మేము బకాయి అనే పేరుతో సున్నా పంపితే బకాయి సున్నా అయి కూర్చుంది, అప్పటికే అది ఏడాదిగా లైవ్‌లో ఉంది. ఆ సాయంత్రం టీం మొత్తం పాత సర్వర్ లాగ్‌లన్నీ తిరగేశాం. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో జరిగింది కూడా ఇదే జాతి తప్పు, రైల్స్ అనే రూబీ ఫ్రేమ్‌వర్క్‌లో రాసిన పబ్లిక్ కీ ఫారంలో అదనపు పారామీటర్ పంపి ఒకతను తన కీని రైల్స్ ప్రాజెక్టుకే జోడించుకోగలిగాడు. స్ప్రింగ్‌లో అయితే 2022 మార్చి చివర్లో బయటికొచ్చిన స్ప్రింగ్‌4షెల్ అనే భద్రతా లోపం ఉంది. ప్రతి జావా ఆబ్జెక్ట్‌కీ గెట్‌క్లాస్ ఉంటుంది, అంటే క్లాస్ అనేది కూడా ఫారం ద్వారా అందే ప్రాపర్టీయే. 2010లో ఒకసారి దీనిమీద దెబ్బ తిని క్లాస్ నుంచి క్లాస్‌లోడర్‌కి పోయే దారి మూసేశారు, జావా 9లో క్లాస్‌కి మాడ్యూల్ అనే కొత్త ప్రాపర్టీ వచ్చి పక్కదారి తెరిచింది, అక్కడినుంచి టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ లాగ్ సెట్టింగుల దాకా వెళ్లి సర్వర్ మీద సొంత జేఎస్‌పీ ఫైల్ (సర్వర్ నడిపించే పేజీ) రాయించగలిగారు. వార్‌గా టామ్‌క్యాట్‌లో పెట్టిన అప్లికేషన్లకి, ఫారం పారామీటర్ల పేర్లతోనే. స్ప్రింగ్ 5.3.18, 5.2.20లలో సరిచేశారు, మీది బూట్ 3 కాబట్టి ఆ భయం లేదు, కానీ ఫారం నుంచి వచ్చే పేర్లకి ఎంత బలం ఉంటుందో అర్థమవ్వాలని చెప్తున్నాను.

చేయాల్సింది: అడ్మిషన్‌ఫారం అని వేరే క్లాస్ రాయండి. విద్యార్థి నిజంగా నింపాల్సినవి మాత్రమే అందులో, పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ, ఫోన్, అడ్రస్, ఇంటర్ మార్కులు, హాస్టల్, సబ్జెక్టులు. ఫీజు, స్కాలర్‌షిప్, ఐడీ అందులో ఉండవు. ఐడీని యూఆర్ఎల్ నుంచి తీసుకుని, లాగిన్ అయిన మనిషికి ఆ రికార్డు మార్చే హక్కుందో లేదో సర్వీస్‌లో చూడండి. ఫారం క్లాస్‌లో ఐడీకి సెట్టర్ ఉంటే యూఆర్ఎల్‌లోని ఐడీ కూడా దానంతటదే అందులో పడుతుంది, అదో తికమక, అందుకే అసలు పెట్టొద్దంటున్నాను. ఫీజుని సర్వర్‌లోనే కోర్సుని బట్టి తెచ్చుకోండి. తర్వాత ఫారం నుంచి ఎంటిటీకి ఒక్కో విలువా చేత్తో సెట్ చేయండి, పన్నెండు లైన్లు అవుతాయి, ఒకే పేరున్నవన్నీ కాపీ చేసే కాపీప్రాపర్టీస్ పెట్టి ఒక లైన్‌లో తేల్చాలనిపిస్తుంది, వద్దు, రేపు ఎవరైనా ఫారం క్లాస్‌లో అదే పేరుతో ఏదైనా కలిపితే అది చెప్పకుండా ఎంటిటీలోకి వెళ్లిపోతుంది. జావా రికార్డ్‌తో (సెట్టర్లు లేని చిన్న క్లాస్) కూడా ఫారం క్లాస్ రాయొచ్చు, లోపల అడ్రస్ కూడా రికార్డే అయితే స్ప్రింగ్ 6.1 నుంచి నింపుతుంది, కానీ మీకు ఎడిట్ పేజీ, పెరిగే లిస్టులూ ఉన్నాయి కాబట్టి ప్రస్తుతానికి మామూలు క్లాస్‌తోనే వెళ్లండి. ఇప్పటికిప్పుడు క్లాస్ విడదీసే టైం లేకపోతే కనీసం @ఇనిట్‌బైండర్‌లో సెట్‌అలౌడ్‌ఫీల్డ్స్ పిలిచి ఒప్పుకునే పేర్ల జాబితా ఇవ్వండి. సెట్‌డిస్‌అలౌడ్‌ఫీల్డ్స్ వద్దు, రేపు కలిపే కొత్త ఫీల్డుని నిషేధించడం ఎవరికీ గుర్తుండదు.

కొత్త ఫారం క్లాస్ పెట్టాక, మొదటిసారి పేజీ తెరిచే గెట్ మెథడ్‌లో దాని ఖాళీ ఆబ్జెక్ట్‌ని అదే పేరుతో మోడల్‌లో వేయడం మర్చిపోకండి, లేకపోతే "నైదర్ బైండింగ్‌రిజల్ట్ నార్ ప్లెయిన్ టార్గెట్ ఆబ్జెక్ట్" అనే పొడుగాటి ఎర్రర్ వస్తుంది, దాని అర్థం ఇంతే. ముందు ఫోన్‌కి నేమ్, తేదీకి ఫార్మాట్, బైండింగ్‌రిజల్ట్ స్థానం, ఈ మూడూ మార్చి ఒకసారి నడపండి, పది నిమిషాల పని. ఇంకా ఏదైనా నల్ వస్తే పేలోడ్‌లో కనిపించే వరసలు, ఫారం క్లాస్ రెండూ ఇక్కడ పెట్టండి, చూస్తాను. పిల్లల నిజమైన పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం తీసేసి పెట్టండి, మొన్నటి స్క్రీన్‌షాట్‌లో ఒక నంబరు కనిపిస్తోంది, ముందు దాన్ని తొలగించండి.